ఇంట్లో ఫ్రిజ్జు: వాడకం, శుభ్రత, వీడ్కోలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యమా అని ప్రతి ఏటా ఈ రోజున మనం ఒక చోట కలుసుకుంటున్నాం. కలిసినప్పుడల్లా డి.ఎ. బకాయిలు, మెడికల్ బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్లు, ఇవే మన మాటలు. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "సార్, ఇంటికి పనికొచ్చే విషయం ఏదైనా ఒకటి చెప్పండి, ఆడవాళ్ళు కూడా వస్తారు" అన్నారు. నేను ఫ్రిజ్జు గురించి చెప్తానన్నాను. ఆయన నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు తెలుసు. నేను ఇంజనీరును కాను. ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళు కట్టి, టపాలు రాసి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన గుమాస్తాను. అయినా ఈ విషయం ఎందుకు ఎంచుకున్నానో చివర్లో మనవి చేస్తాను. అంతవరకు ఓపిక పట్టవలసిందిగా కోరుతున్నాను.

మన చిన్నతనంలో చల్లని నీళ్ళంటే కుండ నీళ్ళే. ఇసక పోసి, దాని మీద కుండ పెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టేవాళ్ళు. మన దేశంలో గోద్రెజ్ వారు 1958లో ఫ్రిజ్జుల తయారీ మొదలుపెట్టారు. హైదరాబాదు ఆల్విన్ వారి ఫ్రిజ్జులు మన తరానికి బాగా గుర్తు. అయితే ఆ రోజుల్లో ఫ్రిజ్జు అంటే ఆఫీసర్ల ఇళ్ళలో ఉండే వస్తువు. నేను 1981లో, బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు గారి దగ్గర రెండు వేల రూపాయలకు పాత ఫ్రిజ్జు కొన్నాను. ఆ డబ్బు కోసం జి.పి.ఎఫ్.లో అప్పు తీశాను. ఇనుప బీరువా అంత బరువు, తలుపుకు బిగించిన పెద్ద హ్యాండిలు. ఆ హ్యాండిలు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మొదట ఒక్క మాట. ఫ్రిజ్జు ఆహారాన్ని బాగు చేయదు. చెడిపోవడాన్ని కొంచెం వాయిదా వేస్తుంది, అంతే. మన భాషలో చెప్పాలంటే ఫైలును పెండింగులో పెడుతుంది కానీ క్లోజు చేయదు. చలికి సూక్ష్మక్రిములు చావవు, చాలావరకు మందగిస్తాయి. బయటికి తీసిన తరువాత మళ్ళీ లేస్తాయి. కొన్ని రకాలు ఆ చలిలోనే నెమ్మదిగా పెరుగుతాయి కూడా. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం తెలిసినట్టే.

పెట్టే చోటు, కరెంటు

ఫ్రిజ్జు లోపలి వేడిని లాగి బయటికి వదులుతుంది. ఆ వేడి పోవడానికి గాలి ఆడాలి. వెనక గోడకు కనీసం జానెడు ఎడం ఉండాలి. ఇప్పటి ఫ్రిజ్జుల్లో చాలావాటికి ఆ గొట్టాలు పక్క రేకుల లోపలే ఉంటాయి కాబట్టి పక్కలు వెచ్చగా తగులుతాయి. అది జబ్బు కాదు, కానీ పక్కల కూడా కొంత ఖాళీ వదలాలి. పొయ్యి పక్కన, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టకూడదు. మన పక్క ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో ఫ్రిజ్జు పడే పాట్లు మనకన్నా తక్కువేమీ కావు.

ఇక కరెంటు. మూడు పిన్నుల ప్లగ్గును మూడు రంధ్రాల సాకెట్లోనే పెట్టండి. ఎక్స్‌టెన్షను బాక్సులు, రెండు పిన్నుల అడాప్టర్లు వద్దు. మా ఇంట్లో జరిగింది చెప్తాను. ఒక ఎండాకాలం మా ఇంటావిడ నాపరాళ్ళు కడిగి, ఆ తడి కాళ్ళతోనే ఫ్రిజ్జు తలుపు పట్టుకుంది. "ఏమండీ, చెయ్యి జివ్వుమంటోంది" అని కేక పెట్టింది. మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ను పిలిపించాను. ఫ్రిజ్జులో ఒక వైరు తొడుగు చిరిగి రేకుకు తగులుతోంది. ఎర్తు వైరు ఉంది, గుంత కూడా ఉంది. కానీ గుంత ఎండి బెండు అయిపోయింది. తడి లేని మట్టిలో ఎర్తు సరిగ్గా పనిచేయదు. అప్పటి నుంచి వేసవిలో ఆ గుంతలో తరచూ బిందెడు నీళ్ళు పోస్తున్నాం. మీ ఇంట్లో ఎర్తు గుంత ఎక్కడుందో మీలో ఎంతమందికి తెలుసు? ఇంటికి పోగానే వెతకండి. వీలైతే మెయిన్ బోర్డులో ముప్పై మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. కరెంటు మనిషి గుండా పోవడం మొదలుపెడితే అది రెప్పపాటులో ఆపేస్తుంది. ఒక నెల పెన్షనులో చిన్న భాగం ఖర్చు, ప్రాణానికి భరోసా.

కరెంటు పోయి వచ్చినప్పుడు, లేదా మీరే స్విచ్చి ఆపినప్పుడు, మళ్ళీ వెంటనే వేయకండి. మూడు నుంచి అయిదు నిమిషాలు ఆగితే లోపలి గ్యాసు ఒత్తిడి సర్దుకుంటుంది, కంప్రెసరు మీద భారం పడదు. కరెంటు లేనంతసేపూ తలుపు తీయకండి. తీయకుండా ఉంటే లోపలి వస్తువులు దాదాపు నాలుగు గంటలు ఆగుతాయి. "చల్లగా ఉందా, లేదా" అని అయిదు నిమిషాలకోసారి తెరిచి చూసేది పిల్లలు కాదు, మనమే.

లోపల ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి

లోపల అయిదు డిగ్రీలకు మించకూడదు. ఫ్రీజరులో మైనస్ పద్దెనిమిది ఉండాలి. లోపలున్న బిళ్ళ మీది అంకెలు డిగ్రీలు కావు. మామూలుగా అంకె పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది. కాబట్టి వేసవిలో కొంచెం పెంచుకుని, చలికాలంలో తగ్గించుకోవాలి. మందుల షాపులో దొరికే చిన్న ఫ్రిజ్జు థర్మామీటరు ఒకటి లోపల పెట్టుకుంటే అనుమానమే ఉండదు.

వండిన పదార్థం పొగలు పోయేదాకా ఆగి, మూత పెట్టి, లోపల పెట్టాలి. ఆగడమంటే సాయంత్రం దాకా కాదు. రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు, మన ఎండాకాలంలో అయితే గంటే. పెద్ద గిన్నెలో ఉన్నది చిన్న చిన్న గిన్నెల్లోకి మారిస్తే తొందరగా చల్లారుతుంది. పచ్చి మాంసం, చేపలు అన్నిటికన్నా కింది అరలో, మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. పైన పెడితే ఆ నీళ్ళు కింద ఉన్న పెరుగు గిన్నెలో పడతాయి. కూరలు రెండు రోజుల్లో అయిపోయేట్టు చూసుకోవాలి. మన ఉగ్గానికి తోడు చేసుకునే శనక్కాయల చట్నీ, కొబ్బరి చట్నీ ఏ పూటకాపూట చేసుకోవడం మేలు. ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు ఫ్రిజ్జులో పెట్టనక్కర్లేదు, గాలి తగిలే బుట్టలో వేరువేరుగా ఉంచితే చాలు.

పారేయడానికి మనకు చేతులు రావు. కరువు చూసిన జిల్లా మనది. అన్నం పారేయడం పాపమని పెరిగాం. మా ఇంటావిడ కూడా అంతే. నాలుగు రోజుల పప్పు తీసి వాసన చూసి, "బాగానే ఉందిలే, నేను తింటాను" అంటుంది. నేను ఆమెకు చెప్పేదే ఇక్కడ చెల్లెళ్ళకూ చెప్తున్నాను. జబ్బు చేసే క్రిములున్న అన్నిటికీ వాసన రాదు. డెబ్బై ఏళ్ళ ఒంటికి ఒక్క విరేచనాల జబ్బు వస్తే ఆసుపత్రి బిల్లు ముందు ఆ పప్పు ఖరీదెంత? పారేయకుండా ఉండాలంటే మార్గం ఒకటే, కొంచెం తక్కువ వండుకోవడం. పిల్లలు ఊళ్ళు వెళ్ళిపోయినా మన చేతికి ఇంకా ఆరుగురి కొలతే అలవాటు.

ఇన్సులిన్ వాడేవారికి

ఈ సభలో చెయ్యెత్తమంటే సగం మంది చక్కెర జబ్బు వాళ్ళమే తేలతాం. అందుకని ఇది వేరుగా చెప్తున్నాను. తెరవని ఇన్సులిన్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజరులో పెట్టకూడదు, ఫ్రీజరుకు ఆనించి కూడా పెట్టకూడదు. నాతో పనిచేసిన ఒక మిత్రుడు, "ఎంత చల్లగా ఉంటే అంత మంచిది" అనుకుని సీసాను మంచు గడిలో పెట్టాడు. గడ్డ కట్టింది. బయట పెట్టి కరిగించి, అదే వేసుకున్నాడు. వారం రోజులు చక్కెర నాలుగు వందలకు తగ్గలేదు. డాక్టరు మందు మార్చబోతుంటే ఆయన భార్య అసలు సంగతి చెప్పింది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే.

వాడుతున్న సీసాను చాలా రకాల్లో ఇరవై అయిదు, ముప్పై డిగ్రీల లోపు నాలుగు వారాల దాకా బయట ఉంచవచ్చు. కానీ మన వేసవిలో ఇంట్లో నీడన కూడా ముప్పై దాటుతుంది. కాబట్టి ఫ్రిజ్జులో మధ్య అరలో, మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండి. ఫ్రిజ్జు లేనివారు, కరెంటు సరిగా లేని పల్లెల్లో ఉన్నవారు తడి ఇసకలో పెట్టిన కుండలో, నీళ్ళు తగలకుండా డబ్బాలో ఉంచుకోవచ్చు. చూశారా, మన అమ్మల కుండ ఇంకా రిటైరు కాలేదు! సీసా మీద తెరిచిన తేదీ రాయండి. మిగతా మందులు ఏవి లోపల పెట్టాలో, ఏవి పెట్టకూడదో షాపు వాళ్ళను అడిగి తెలుసుకోండి.

శుభ్రం చేసే పద్ధతి

నెలకొకసారి చేయాలి. మొదటి పని ప్లగ్గు పీకడం. స్విచ్చి ఆపితే చాలదు. లోపలివన్నీ తీసి, లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు చెంచాల వంటసోడా కలిపి, మెత్తని గుడ్డతో తుడవాలి. తరువాత మంచినీళ్ళ గుడ్డ, ఆ తరువాత పొడిగుడ్డ. ఫినాయిలు, యాసిడ్ వాడకూడదు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతల్లో బూజు చేరుతుంది, దాన్ని పాత టూత్ బ్రష్షుతో తీయాలి. రబ్బరు సరిగా పట్టుతోందో లేదో చూడడానికి ఒక కాగితం తలుపు సందులో పెట్టి మూసి లాగండి. ఊరికే వచ్చేస్తే రబ్బరు మార్చాల్సిన సమయం వచ్చిందన్నమాట. హ్యాండిలుకు అల్లిక తొడుగులు వేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అందానికి బాగుంటాయి కానీ వాటి మురికి చేతికి, చేతి నుంచి అన్నానికి వస్తుంది. వారానికోసారి ఉతకండి.

మంచు పావు అంగుళం దాటితే కరిగించాలి. కత్తితో, స్క్రూ డ్రైవరుతో గీకకూడదు. ఆ రేకు వెనకే గ్యాసు గొట్టం ఉంటుంది. ఇప్పటి కొత్త ఫ్రిజ్జుల్లో చాలావాటిలో ఆర్-600ఎ అనే గ్యాసు వాడుతున్నారు. అది ఐసోబ్యూటేను, అంటుకునే గుణం ఉన్నది. ఉండేది కొన్ని పదుల గ్రాములే అయినా, మూసిన చిన్న గదిలో గొట్టం పగిలితే ప్రమాదమే. అలా జరిగితే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా, పొయ్యి వెలిగించకుండా, తలుపులు కిటికీలు తెరిచి బయటికి రండి. మీ ఫ్రిజ్జులో ఏ గ్యాసు ఉందో వెనక రేకు మీద రాసి ఉంటుంది.

వెనక వైపు మన ఊళ్ళకు ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. ఆదోనిలో మా ఇల్లు ఒక జిన్నింగు మిల్లుకు దగ్గర. ఒక ఏడు ఫ్రిజ్జు ఆగకుండా రాత్రింబవళ్ళు మూలుగుతోంది, చల్లబడడం లేదు, కరెంటు బిల్లు పెరిగింది. మెకానిక్ అబ్బాయి వచ్చి ఫ్రిజ్జు జరిపి, వెనక తీగెల మీది నుంచి దూదిని చాప చుట్టినట్టు చుట్టి తీశాడు. "సార్, మీ ఫ్రిజ్జుకు ఏ జబ్బూ లేదు, ఎండాకాలంలో బొంత కప్పినారు, అంతే" అన్నాడు. పత్తి నగరమైన ఆదోనికే కాదు, మగ్గాలున్న ఎమ్మిగనూరు ఇళ్ళకు కూడా ఇది వర్తిస్తుంది. అక్కడ నూలు పోగుల దుమ్ము. వెనక తీగెలు బయటికి కనిపించే ఫ్రిజ్జులైతే మూడు నెలలకొకసారి ప్లగ్గు పీకి, పొడి బ్రష్షుతో దులపండి.

అదే చోట, కంప్రెసరు పైన, చిన్న పళ్ళెం ఒకటి ఉంటుంది. మంచు కరిగిన నీళ్ళు అందులో నిలుస్తాయి. డెంగీ దోమకు మురికి కాలువ అక్కర్లేదు, ఈ పళ్ళెంలోని నీళ్ళు చాలు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. ఆరోగ్య శాఖ వారు శుక్రవారం డ్రై డే అని చెప్పేది ఇందుకే. కూలరు నీళ్ళు పారబోసినప్పుడే ఈ పళ్ళెం కూడా చూడండి. బరువు జరపడం మన వయసు పని కాదు, పిల్లలెవరైనా వచ్చినప్పుడు చేయించుకోండి.

వరద సంగతి కూడా ఒక మాట. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగినప్పుడు మా బంధువుల ఇంట్లో ఫ్రిజ్జు వెల్లకిలా తేలింది. నీళ్ళు తగ్గగానే ఆత్రంగా ప్లగ్గు పెట్టబోతే పక్కింటాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. మంచి పని చేశాడు. మునిగిన ఫ్రిజ్జును మెకానిక్ చూడనిదే కరెంటు ఇవ్వకూడదు. అందులోని తిండి మొత్తం పారేయాలి.

చివరి అంకం

ఇప్పుడు మొదట్లో చెప్పిన హ్యాండిలు దగ్గరికి వస్తాను.

ఆ పాత ఫ్రిజ్జు ఇరవై ఏళ్ళు పనిచేసి 2001లో ఆగిపోయింది. కొత్తది కొన్నాం. పాతదాన్ని పాత సామాన్ల వాడు మరీ తక్కువకు అడిగాడు. నాకు మనసొప్పలేదు. పెరట్లో మెట్ల కింద పెట్టి, పాత రికార్డులు, ధనియాలు, మిరపకాయలు దాచుకునే బీరువాగా వాడుకున్నాం. అయిదేళ్ళు అట్లాగే ఉంది.

2006 మే నెల. మా అమ్మాయి పిల్లల్ని తీసుకుని సెలవులకు వచ్చింది. ఆ రోజు మా ఇంటావిడ మిద్దె మీద వడియాలు పెట్టడానికి ఆ ఫ్రిజ్జులోని సామాను తీసి, కమ్మీల అరలు మూడూ పైకి పట్టుకుపోయింది. లోపల ఖాళీ అయింది. పిల్లలు దాగుడుమూతలు ఆడుతున్నారు. కాసేపటికి పెద్దవాడు వచ్చి, "తాతా, చిన్నోడు యాడా దొరకడంలేదు" అన్నాడు. "యాడికి పోతాడురా, చూడు పో" అన్నాను, పేపరు చదువుకుంటూ. కేక లేదు, చప్పుడు లేదు. ఫ్రిజ్జు గోడలు చలిని ఎట్లా ఆపుతాయో పిల్లవాడి గొంతును కూడా అట్లాగే ఆపుతాయి. మా అమ్మాయి పెరట్లోకి వెళ్ళి, మెట్ల కింద ఒక చిన్న చెప్పు పడి ఉండడం చూసింది. ఒక్కటే చెప్పు. తను అరిచిన అరుపు నాకు ఈనాటికీ చెవిలో ఉంది.

తలుపు లాగితే వాడు ముడుచుకుని ఉన్నాడు. ఒళ్ళంతా చెమట, పెదవులు నీలం. ఊపిరి ఉంది. నీళ్ళు చల్లి, ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. సాయంత్రానికి లేచి కూర్చుని ఐస్‌క్రీం అడిగాడు. ఆరేళ్ళ వాడు. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. ఆ చెప్పు లోపలే ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. వాణ్ణి ఎవరూ అందులో పెట్టలేదు. ఆ ఫ్రిజ్జును అక్కడ పెట్టింది నేనే. రెండు మూడు వందల రూపాయలకు ఆశపడింది నేనే. పిల్లలు నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే బరువు.

తరువాత చదివి తెలుసుకున్నాను. పాతకాలపు ఫ్రిజ్జులకు గొళ్ళెం లాంటి హ్యాండిలు ఉండేది. లోపలి నుంచి తోస్తే తెరుచుకోదు. ఇలా పిల్లలు చనిపోతున్నారనే అమెరికాలో 1956లో, లోపలి నుంచి తోస్తే తెరుచుకునేట్టు తలుపులు చేయాలని చట్టం చేశారు. ఇప్పటివి అయస్కాంతం రబ్బరుతో మూసుకుంటాయి, తోస్తే వస్తాయి. కానీ మూల నుంచి ఏదైనా అడ్డం పడితే, తలుపు గోడ వైపు తిరిగి ఉంటే, లోపలి పసివాడికి బలం చాలకపోతే అవీ పెట్టెలే. గాలి చొరబడని ఏ పెట్టె అయినా పిల్లలకు ప్రాణాంతకమే.

కావున నా మనవి. ఫ్రిజ్జు వాడకం ఆపిన రోజే దాని తలుపు ఊడదీయించండి. నాలుగు స్క్రూలు, పది నిమిషాల పని. అమ్ముతామా, ఇస్తామా అనేది తరువాత ఆలోచించవచ్చు. తలుపు ఊడే లోపల ఒక్క రాత్రి అయినా ఉంచాల్సి వస్తే, తాడుతో గట్టిగా కట్టి, తలుపును గోడకు ఆనించి ఉంచండి. లోపలి అరలు తీయకండి. అరలుంటే పిల్లలకు దూరే చోటుండదు.

తరువాత ఎవరికి ఇవ్వాలి? గొట్టాలను సుత్తితో పగలగొట్టి రాగి తీసుకునేవాళ్ళకు వద్దు. పాత ఫ్రిజ్జుల్లో ఆర్-12 అనే గ్యాసు ఉండేది. అది పైనున్న ఓజోను పొరను తినేస్తుంది, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు పదివేల రెట్లు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, మన దేశం 1992లో చేరింది, 2010 నాటికి ఆ గ్యాసు వాడకం ఆగిపోయింది. అయినా పాత ఫ్రిజ్జుల కడుపులో అది ఉండవచ్చు. కొత్తవాటిలో ఉండేది అంటుకునే గ్యాసు. గోడల్లోని నురగను తగలబెడితే విషపు పొగ. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల ప్రకారం, పాత వస్తువులను రిజిస్టరైన రీసైక్లర్ల ద్వారా సక్రమంగా విడగొట్టించే బాధ్యత తయారీ కంపెనీలదే. కాబట్టి కొత్తది కొనేటప్పుడు షాపులో ఎక్స్చేంజికి ఇవ్వండి, లేదా ఆ కంపెనీ కస్టమర్ కేర్ నంబరుకు ఫోను చేసి అడగండి. పిల్లల చేత చేయించండి, వాళ్ళకు క్షణం పని.

మిత్రులారా, మనం రిటైరైన రోజున చార్జి అప్పగించి, నో డ్యూస్ సర్టిఫికెట్టు తీసుకుని, దండ వేయించుకుని బయటికి వచ్చాం. ఇంట్లో ఇరవై ఏళ్ళు సేవ చేసిన వస్తువుకు కూడా సక్రమంగా చార్జి అప్పగించాలి. మూలన పడేసి మరిచిపోతే అది పెండింగు ఫైలే. పెండింగు ఫైలు ఎప్పుడు ఎవరి మెడకు చుట్టుకుంటుందో మనకు తెలియనిది కాదు.

ఈ సభ నుంచి ఒక్క పని మాత్రం చేయమని వేడుకుంటున్నాను. ఇంటికి పోగానే పెరడు, మిద్దె, మెట్ల కింద, గోడౌను చూడండి. పాత ఫ్రిజ్జు గాని, మూత పడే పెద్ద పెట్టె గాని ఉంటే ఈ వారంలోనే దాని సంగతి తేల్చండి. సంక్రాంతికి మనవళ్ళు, మనవరాళ్ళు వస్తున్నారు. వాళ్ళు దాగుడుమూతలు ఆడతారు, ఆడాలి కూడా. దాక్కున్న పిల్లలందరూ మళ్ళీ నవ్వుతూ బయటికి రావాలి.